మనవాడే కదా అంటే సరిపోతుందా?

(పోయిన ఆదివారం సాయంత్రం గ్రంథాలయం మేడ మీద జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. మాట తడబడిన చోట్ల తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ముందుకు రమ్మంటే ఎలాగూ రారు, నాకు తెలుసు.

నాకిచ్చిన అంశం ప్రజాస్వామ్యం, ఆర్థిక సంస్థలు. అంత పెద్ద అంశం నా వల్ల కాదండీ. నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. అందుకని ఒక్క కథ చెప్తాను. ఒక్క వేసవి కథ. 2013 జులై నుంచి సెప్టెంబరు 15 దాకా జరిగింది, వాషింగ్టన్‌లో.

ఎన్నికలప్పుడు నాయకుడి కోసం గొంతు చించుకున్నవాళ్లు ఉంటారు కదా, కార్యకర్తలు, అభిమానులు, ఆ పార్టీ టికెట్ మీదే గెలిచిన సభ్యులు. గెలిచాక అదే నాయకుడు ఒక పెద్ద పదవికి ఒకాయన పేరు అనుకున్నాడు. అప్పుడు వీళ్లు ‘అయ్యా, మీరంటే మాకు ప్రాణమే, కానీ ఈయన మాత్రం వద్దు’ అనగలరా? అంటే ఏమవుతుంది? అది చూద్దాం.

ఆ పదవి ఏమిటంటే, అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ పదవి. మనకు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ ఎలాగో వాళ్లకు ఆయన అలాగ. 2014 జనవరి ఆఖరుతో బెన్ బెర్నాంకీ పదవీకాలం అయిపోతుంది. తర్వాత ఎవరు? ఒబామా మనసులో ఉన్న పేరు లారీ సమర్స్. పార్టీలో చాలామంది మనసులో ఉన్న పేరు జానెట్ యెల్లెన్. అప్పటికే ఆవిడ ఫెడ్‌కి వైస్ ఛైర్. గొడవ అక్కడ మొదలైంది.

వాళ్ల కుర్చీలో ఎవరు కూర్చుంటే మనకేంటి అంటారా? 2013 మే 22న బెర్నాంకీ వాళ్ల కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, కమిటీ ముందు ఒక మాటన్నాడు. అప్పట్లో ఫెడ్ నెలకు 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటోంది, అంటే అంత డబ్బు మార్కెట్లోకి వదులుతోంది. ఆ కొనుగోళ్లు రాబోయే రోజుల్లో తగ్గించవచ్చు అన్నాడు. తగ్గించలేదు, తగ్గించవచ్చు అన్నాడు, అంతే! ఆగస్టు 28 నాటికి మన రూపాయి డాలరుకు 68 దాటేసింది. న్యూజెర్సీ నుంచి మా మేనల్లుడు ఫోను. ‘మామయ్యా, ఇప్పుడు పంపనా, ఇంకా పడుతుందా?’ నేనేం చెప్తాను? అప్పుడు ముంబైలో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ దువ్వూరి సుబ్బారావు గారు, మనవాడు. ఇంకో వారంలో దిగిపోతున్నారు. ఆయనకే దిక్కు తోచని రోజులవి, నాకేం తోస్తుంది?

చూశారా, నేను కూడా మనవాడు అనేశాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

సమర్స్ ఎవరు? మామూలు మనిషి కాదు. నాన్న, అమ్మ ఇద్దరూ ఎకనామిక్స్ ప్రొఫెసర్లు. పెదనాన్న పాల్ శామ్యూల్సన్, ఇక్కడ ఎకనామిక్స్ చదివినవాళ్లకి ఆ పేరు చెప్పక్కర్లేదు, నోబెల్. మేనమామ కెనెత్ యారో, ఆయనకూ నోబెల్. అటు నాన్న వైపు ఒకటి, ఇటు అమ్మ వైపు ఒకటి. మన ఇళ్లలో మేనమామ దగ్గర్నుంచి పట్టుచొక్కా వస్తే గొప్ప. ఈయన 28 ఏళ్లకే హార్వర్డ్‌లో పర్మనెంట్ ప్రొఫెసర్. తర్వాత ప్రపంచ బ్యాంకులో ముఖ్య ఆర్థికవేత్త, క్లింటన్ హయాంలో ఆర్థిక మంత్రి, హార్వర్డ్ అధ్యక్షుడు. ఒబామా మొదటిసారి గెలిచినప్పుడు వైట్‌హౌస్‌లో ఆర్థిక సలహాదారుల పెద్ద. తెలివి తక్కువ మనిషి అని ఆయన శత్రువులు కూడా అనలేదు.

మరి ఏంటి గొడవ? మా మేనల్లుడి ఇంటికే తీసుకెళ్తాను మిమ్మల్ని. వాడూ, వాడి భార్యా ఇద్దరూ ఒబామా మనుషులే. 2008లో శనాదివారాలు పెన్సిల్వేనియా వెళ్లి, చలిలో ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టినవాళ్లు. 2012లోనూ అంతే. అలాంటి మొగుడూ పెళ్లాలు ఆ ఆగస్టులో ఈ సమర్స్ గురించి కొట్టుకున్నారు. ఫోన్లో నాకు వినపడేలాగా. ఒకరు మాట్లాడుతుంటే ఒకరు లాక్కున్నారు.

వాడేమంటాడు? ‘మామయ్యా, 2009 జనవరి గుర్తు తెచ్చుకో. నెలకు ఏడెనిమిది లక్షల ఉద్యోగాలు పోతున్నాయి. మా ఆఫీసులోనే వరసకి వరస ఖాళీ అయిపోయింది. అప్పుడు ఒబామా పక్కన రోజూ పొద్దున్నే కూర్చుని లెక్కలు చెప్పింది ఈయనే. 1995లో మెక్సికో మునిగినప్పుడు, 1997లో ఆసియా మునిగినప్పుడు తెల్లవార్లూ ఫోన్ల మీద ఉన్నది ఈయనే. ఇల్లు తగలబడితే నీళ్లు పోయడం తెలిసినవాడు కావాలా, వద్దా? పైగా మనం ఎన్నుకున్న ప్రెసిడెంట్, ఆయనకు నమ్మకమున్న మనిషిని ఆయన పెట్టుకుంటానంటే మనమే అడ్డం పడితే ఎలా? అవతల రిపబ్లికన్లు ప్రభుత్వాన్నే మూసేస్తామని కూర్చున్నారు. ఇప్పుడా మనలో మనం తిట్టుకోవడం?’

కొట్టిపారేసే మాటలు కావండీ ఇవి. రిపబ్లికన్ల గురించి వాడన్నది నిజమే అయింది కూడా. అక్టోబరు 1న నిజంగానే ప్రభుత్వం మూతపడింది. వాడి వాదనలో బలముంది. కానీ చివరికి ఆ బలమంతా ఒక్క మాట మీదికే వచ్చి ఆగుతుంది. ‘మనవాడు, మనవాడు నమ్మినవాడు.’

ఇప్పుడు ఆ అమ్మాయి ఏమందో చెప్పాలి. అది చెప్పాలంటే 1998కి వెళ్లాలి.

వాషింగ్టన్‌లో ఫ్యూచర్స్ మార్కెట్‌ను చూసుకునే కమిషన్ ఒకటుంది. చిన్న ఆఫీసు. గోధుమలు, మొక్కజొన్న, పంది మాంసం, వీటి ముందస్తు బేరాల మీద కన్నేసి ఉంచడం దాని పని. దానికి అప్పుడు అధ్యక్షురాలు బ్రూక్‌స్లీ బోర్న్ అనే లాయరు. ఆవిడకు ఒక సంగతి కనపడింది. బ్యాంకులూ పెద్ద కంపెనీలూ ఎక్స్‌ఛేంజీతో పనిలేకుండా తమలో తాము డెరివేటివ్స్ బేరాలు ఆడుకుంటున్నాయి. ఎంత ఆడుకుంటున్నాయో ఎవరికీ తెలీదు.

డెరివేటివ్స్ అంటే మొహాలు అలా పెట్టకండి. మన గుంటూరు లెక్కలోనే చెప్తాను. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలున్నాయి. సరుకు ఒకరిది. దాని మీద అప్పిచ్చింది ఇంకొకరు. ఆ అప్పు మునిగితే నేను కట్టిస్తానని పూచీ పడింది వేరొకరు. ఆ పూచీ పడినవాడు నిలబడతాడా లేదా అని పందెం కాసింది మరో పదిమంది, వాళ్లకు మిర్చితో సంబంధమే లేదు. బావుంది కదా? ఇప్పుడు రిజిస్టర్ ఏది? ఏ పూచీ ఎవరు పడ్డారు, ఎంతకి పడ్డారు, వాడి దగ్గర డబ్బుందా? రిజిస్టర్ లేదు. ఎక్కడా లేదు. నేను బ్యాంకు మనిషిని, రిజిస్టర్ లేదంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

బోర్న్ అడిగింది అదే. రూలు పెట్టలేదండీ ఆవిడ. 1998 మేలో ఒక ప్రశ్నల పత్రం విడుదల చేసింది. వీటి మీద నియంత్రణ అవసరమా, అవసరమైతే ఎలా ఉండాలి, మీ అభిప్రాయాలు చెప్పండి అని. ప్రశ్నలే! ఆ ప్రశ్నలకే ఆకాశం విరిగి మీద పడినట్టయింది. అదే రోజు ఆర్థిక మంత్రి రాబర్ట్ రూబిన్, ఫెడ్ ఛైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్, స్టాక్ మార్కెట్ కమిషన్ అధ్యక్షుడు ఆర్థర్ లెవిట్, ముగ్గురూ కలిసి ఇది సరికాదని ప్రకటన ఇచ్చారు. రూబిన్ కింద రెండో స్థానంలో ఉన్నది మన కథానాయకుడు సమర్స్. ఆయన ఆవిడకు ఫోన్ చేసి, ఇక్కడ నా గదిలో పదమూడు మంది బ్యాంకర్లు కూర్చుని ఉన్నారు, నువ్విలా చేస్తే పెద్ద సంక్షోభం వస్తుందంటున్నారు అని గట్టిగా మాట్లాడాడని ఆవిడ దగ్గర పనిచేసిన అధికారి తర్వాత చెప్పాడు. ఫోన్ మాట పక్కన పెట్టండి, ఎవరి జ్ఞాపకం వాళ్లది. జులైలో సెనేట్, అంటే వాళ్ల ఎగువసభ, కమిటీ ముందు సమర్స్ ఏం చెప్పాడన్నది రికార్డులో ఉంది. ఈ బేరాలు ఆడేవాళ్లు ఎక్కువగా పెద్ద పెద్ద సంస్థలు, తమను తాము కాపాడుకోగలరు అని దాని సారాంశం.

కాపాడుకున్నారా? రెండు నెలలు తిరక్కుండానే లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ కూలిపోబోయింది. దాన్ని నడిపేవాళ్లలో ఇద్దరికి నోబెల్ ఉంది. ఫెడ్ మధ్యలో కూర్చుని పెద్ద బ్యాంకుల చేత 360 కోట్ల డాలర్లు పెట్టించి దాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. అంతా కళ్లముందే జరిగింది. అయినా ఏం చేశారు? బోర్న్ చేతులు కట్టేస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది. మరుసటి ఏడాది ఆవిడ వెళ్లిపోయింది. 1999 నవంబరులో, సమర్స్ ఆర్థిక మంత్రిగా ఉండగా, మామూలు బ్యాంకుకూ షేర్ల బ్యాంకుకూ మధ్య 1933 నుంచి ఉన్న గోడ తీసేశారు. 2000 డిసెంబరులో ఇంకో చట్టం తెచ్చి ఈ డెరివేటివ్స్ ఎవరి అదుపులోనూ లేకుండా చేశారు.

ఆ తర్వాత 2008. ఏఐజీ అనే బీమా కంపెనీ సరిగ్గా ఈ పూచీ కాగితాలే అమ్మింది, లెక్కాపత్రం లేకుండా. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. మర్నాడు ఏఐజీని నిలబెట్టడానికి ప్రభుత్వం 8,500 కోట్ల డాలర్లు పెట్టింది. మొదటి విడతే అది.

ఇప్పుడు ఆ అమ్మాయి మాట. ‘మామయ్య గారూ, రిజిస్టర్ పెడదామన్న ఆవిడ ఇంటికెళ్లింది. వద్దన్నాయనకు ప్రమోషన్ ఇస్తామంటున్నారు. బ్యాంకుల మీద కన్నేసి ఉంచాల్సిన కుర్చీ అది. మేం తలుపులు కొట్టింది దీనికా?’

అదండీ సంగతి. నా దృష్టిలో ఆ వేసవి గొడవంతా ఈ ఒక్క మాటలో ఉంది. వడ్డీ రేట్ల గురించి కాదు, 2008కి లెక్క చెప్పాల్సింది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. ఇళ్లు పోయాయి, ఉద్యోగాలు పోయాయి. తప్పైందని చెప్పినవాళ్లు ఎంతమంది? గ్రీన్‌స్పాన్ 2008 అక్టోబరులో కమిటీ ముందు కూర్చుని, నేను నమ్మిన దాంట్లో లోపం ఉందని తెలిసింది అని ఒప్పుకున్నాడు. 82 ఏళ్ల ముసలాయన. అంత తేటగా ఒక మాట సమర్స్ నోట వినాలని ఈ అమ్మాయి లాంటివాళ్లకు ఉండేది.

ఇంకో కారణం కూడా ఉంది. అది ఆ అమ్మాయికి ఇంకా దగ్గరిది, ఎందుకంటే తనూ యూనివర్సిటీ ల్యాబులో పనిచేసే మనిషి. 2005 జనవరిలో, హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, సమర్స్ ఒక సభలో మాట్లాడుతూ, సైన్సులో పై స్థాయిలో ఆడవాళ్లు తక్కువ ఉండడానికి పుట్టుకతో వచ్చే సామర్థ్యంలో తేడా కూడా ఒక కారణం కావచ్చు, అది వివక్ష కన్నా పెద్ద కారణమేమో అన్నాడు. చర్చ కోసం అన్నానని తర్వాత చెప్పాడు, క్షమాపణలూ చెప్పాడు. మార్చిలో అధ్యాపకులు ఆయన మీద అవిశ్వాసం పెడితే 218 మంది అవునన్నారు, 185 మంది కాదన్నారు. మరుసటి ఏడాది పదవి వదిలేశాడు. అలాంటాయనకు పోటీగా ఉన్నది ఎవరు? ఒక ఆడమనిషి. వందేళ్ల ఫెడ్ చరిత్రలో ఒక్క ఆడమనిషి కూడా కూర్చోని కుర్చీ. యెల్లెన్‌కు ‘గాంభీర్యం’ చాలదని సమర్స్ వైపువాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. గాంభీర్యం అంటే ఏంటండీ? గొంతు లావుగా ఉండాలా? పాపం ఒబామా కూడా ఆగస్టు 9 ప్రెస్ మీట్‌లో నోరు జారి ‘మిస్టర్ యెల్లెన్’ అనేసి దిద్దుకున్నాడు. ఆ రోజు మా మేనల్లుడి ఇంట్లో వాడికి అన్నం దొరికిందో లేదో నేను అడగలేదు.

మన సంబంధం ఉన్న ముక్క ఒకటి చెప్పి ముందుకెళ్తాను. అదే 2005, ఆగస్టు. అమెరికాలో జాక్సన్ హోల్ అని కొండల్లో ఒక ఊరు. ఏటా అక్కడ కేంద్ర బ్యాంకుల పెద్దలు కలుస్తారు. ఆ ఏడు గ్రీన్‌స్పాన్‌కు వీడ్కోలు సభలాంటిది. పెళ్లిలో అందరూ వరుణ్ణి పొగుడుతుంటే ఒకాయన లేచి, ఈ కొత్త ఫైనాన్స్ వల్ల ప్రమాదం పెరుగుతోందేమో చూసుకోండి అన్నాడు. ఎవరు? రఘురామ్ రాజన్. అప్పుడు సభలో లేచి, మీ పేపర్‌కు ఆధారమైన ఆలోచనే కొంచెం యంత్రాలంటే భయపడే పాతకాలపు ధోరణిలో ఉంది, చాలావరకు తప్పుదారిలో ఉంది అన్నది ఎవరు? లారీ సమర్స్! మూడేళ్లలో ఎవరి మాట నిలిచిందో అందరూ చూశారు. ఇంకా విచిత్రం, సమర్స్ పేరు వాషింగ్టన్‌లో నలుగుతున్న ఆ సెప్టెంబరు 4నే రాజన్ ముంబైలో సుబ్బారావు గారి చేతుల్లోంచి రిజర్వ్ బ్యాంక్ పగ్గాలు తీసుకున్నాడు. సుబ్బారావు గారి కంటే ముందు, 2003 నుంచి 2008 దాకా, ఆ కుర్చీలో ఉన్నది మన కడప జిల్లా వై.వి. రెడ్డి గారు. రియల్ ఎస్టేట్ అప్పుల మీద పగ్గం బిగించి, బ్యాంకుల చేత తిట్లు తిన్న మనిషి. ఆ సర్క్యులర్లు వచ్చినప్పుడు మా బ్రాంచిలో మేమూ తిట్టుకున్నాం. టార్గెట్లు ఎలా చేయాలి అని. 2008 తర్వాత నోళ్లు మూసుకున్నాం.

సరే, వాషింగ్టన్‌కి వద్దాం. చిక్కు ఏంటంటే, ఒబామా సమర్స్ పేరు అధికారికంగా ప్రకటించనేలేదు. ముందు పేరు బయటికి వదిలారు, ఎవరేమంటారో చూద్దామని. పార్టీవాళ్లు దాన్ని అక్కడే పట్టుకున్నారు. జులై చివర్లో సుమారు 20 మంది సెనేటర్లు యెల్లెన్‌ను వేయమని ఒబామాకు లేఖ రాశారు. ఒహాయో సెనేటర్ షెరాడ్ బ్రౌన్ తిరిగి తిరిగి సంతకాలు పెట్టించాడు. జులై 31న ఒబామా దిగువసభలోని తన పార్టీవాళ్లతో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు కూడా సమర్స్ సంగతి వచ్చింది. ఒబామా గట్టిగా సమర్థించాడు, ఆయన మీద అన్యాయంగా దాడి చేస్తున్నారని. దిగువసభకు ఈ విషయంలో ఓటే లేదు, అయినా అడిగారు. సెప్టెంబరు వచ్చేసరికి మూడు వందల మందికి పైగా ఆర్థికవేత్తలు యెల్లెన్ కోసం సంతకాలు పెట్టారు. జోసెఫ్ స్టిగ్లిట్జ్ అయితే, యేల్ యూనివర్సిటీలో నా దగ్గర చదువుకున్న మంచి విద్యార్థుల్లో ఆవిడొకరు అని పత్రికలో రాశాడు.

ఇంతవరకూ ఇది మాటల గొడవే. లేఖలు, వ్యాసాలు, ఫోన్లు. మాటలకు నాయకులు బెదరరు, మనకు తెలీదా? బెదిరింది లెక్కకు. ఆ లెక్క జాగ్రత్తగా వినండి, కథంతా ఇందులోనే ఉంది.

ఫెడ్ ఛైర్మన్ పేరు ముందు సెనేట్ బ్యాంకింగ్ కమిటీ దాటాలి. ఆ కమిటీలో అప్పుడు 22 మంది. డెమొక్రాట్లు 12, రిపబ్లికన్లు 10. పార్టీ అంతా ఒకటైతే పన్నెండూ పదీ, గెలిచినట్టే. కానీ ఆ పన్నెండు మందిలో ఎవరున్నారు? షెరాడ్ బ్రౌన్, ఒరెగాన్ నుంచి జెఫ్ మెర్క్‌లీ, మాసచుసెట్స్ నుంచి ఎలిజబెత్ వారెన్. ముగ్గురూ బ్యాంకులంటే పళ్లు కొరికేవాళ్లే, వద్దంటారని అప్పటికే అందరికీ తెలుసు. సెప్టెంబరు 13, శుక్రవారం. మోంటానా సెనేటర్ జాన్ టెస్టర్ కూడా నేను ఓటెయ్యను అని బయటపెట్టాడు. ఈయన విప్లవకారుడేం కాదు. గోధుమలు పండించుకునే రైతు, మధ్యేమార్గం మనిషి. పన్నెండులోంచి నాలుగు తీసేస్తే ఎనిమిది. గెలవాలంటే పన్నెండు కావాలి. అంటే నలుగురు రిపబ్లికన్లను బతిమాలుకోవాలి. ఆ రోజుల్లో ఒబామాకు రిపబ్లికన్లు మంచినీళ్లు కూడా ఇచ్చేట్టు లేరు. సిరియా మీద దాడికి అనుమతి అడిగి, అక్కడా సొంత పార్టీవాళ్లతో ఇబ్బంది పడుతున్నాడు పాపం.

రెండు రోజులకు, ఆదివారం, సమర్స్ ఒబామాకు ఫోన్ చేసి, లేఖ రాసి తప్పుకున్నాడు. ఈ ప్రక్రియ చేదుగా మారుతుంది, ఫెడ్‌కీ ప్రభుత్వానికీ దేశానికీ మంచిది కాదు అని. మర్యాదగా తప్పుకున్నాడు, అది ఒప్పుకోవాలి. తేదీ చూడండి. 2013 సెప్టెంబరు 15. లేమన్ కూలి సరిగ్గా ఐదేళ్లు, రోజు కూడా తేడా లేదు. ఎవరూ కావాలని పెట్టిన ముహూర్తం కాదది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. సిగ్గుపడే సంగతే. చాలా ఏళ్ల కిందట, మా ఉద్యోగుల సంఘంలో, పేరెందుకులెండి, జిల్లా కోశాధికారి పదవికి మా నాయకుడు ఒకాయన పేరు చెప్పాడు. ఆ ఒకాయన నాతో బ్రాంచిలో పనిచేశాడు. మంచివాడే, మాటకారి, సమ్మెలో ముందుంటాడు. కానీ లెక్కల్లో మనిషి కాదు. ముందు సంతకం పెట్టి తర్వాత లెక్కపెట్టే రకం. నాకు తెలుసు. ఆ గదిలో ఇంకెవరికీ అంత బాగా తెలీదు. చెయ్యెత్తానా? ఎత్తలేదు. నాయకుడు నాకు సొంతూరికి ట్రాన్స్‌ఫర్ చేయించిన మనిషి. మనవాడు, మనవాడు నమ్మినవాడు. రెండేళ్ల తర్వాత చందా పుస్తకాలు చూద్దామంటే సగం లేవు. డబ్బు తిన్నాడని నేననను, ఇప్పటికీ అనను. పుస్తకాలు లేవు, అంతే. అందుకే ఆ టెస్టర్ అనే రైతు శుక్రవారం నాడు నోరు విప్పిన ముక్క పేపర్లో చదివినప్పుడు, నేను కాసేపు పేపరు కింద పెట్టేశాను.

అయితే ఈ కథను పురాణం చేసి చెప్పను. సోమవారం పొద్దున్న ఏమైందో చెప్తే మీరు నవ్వుతారు. సమర్స్ తప్పుకున్నాడని తెలియగానే వాల్‌స్ట్రీట్‌లో షేర్లు పెరిగాయి! బ్యాంకులకు దగ్గరివాడని కార్యకర్తలు ఎవర్ని వద్దన్నారో, ఆయన పోయినందుకు మార్కెట్టే పండగ చేసుకుంది. ఎందుకంటే యెల్లెన్ వస్తే చౌక డబ్బు ఇంకొన్నాళ్లు పారుతుందని వాళ్ల లెక్క. ఇటు వీధిలో జెండా పట్టుకున్నవాడూ, అటు ట్రేడింగ్ ఫ్లోర్‌లో టై కట్టుకున్నవాడూ, ఒకే పొద్దున ఒకే వార్తకి స్వీట్లు పంచుకున్నారు. ఇద్దరి కారణాలూ వేరు.

ఇంకో తిరకాసు. రెండు నెలలు తిరక్కుండా, నవంబరులో ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి, సభలో సమర్స్ ఒక ప్రసంగం చేశాడు. ఆర్థిక వ్యవస్థ దీర్ఘకాలం మందగించే ప్రమాదం ఉంది, వడ్డీలు సున్నాకి తెచ్చినా చాలదు, ప్రభుత్వం ఖర్చు పెట్టాలి అని. వామపక్షం వాళ్లే చప్పట్లు కొట్టారు. 2021లో బైడెన్ 1.9 లక్షల కోట్ల డాలర్ల ప్యాకేజీ తెస్తే, ధరలు పెరుగుతాయి జాగ్రత్త అని గొంతెత్తిన డెమొక్రాట్ ఆయనే. సొంత పార్టీ తిట్టింది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఆయన మాటే నిలిచింది. మా మేనల్లుడు ఆ రోజు నాకు మెసేజ్ పెట్టాడు, ‘చూశావా మామయ్యా’ అని. తొమ్మిదేళ్లు దాచుకున్నాడు పాపం.

మరి 2013లో వద్దన్నవాళ్లు పొరపాటు పడ్డారా? నేను అలా అనుకోను. ఆయన తెలివిని వాళ్లు ఎప్పుడూ కాదనలేదు. వాళ్లడిగింది వేరు. మీరు ఒక పని చేశారు, దాని వల్ల ఇంత జరిగింది, దానికి జవాబేది? ఆ ప్రశ్న 2022లో ధరల అంచనా నిజమైనంత మాత్రాన తీరిపోదు.

యెల్లెన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. అక్టోబరు 9న ఒబామా ఆవిడ పేరు ప్రకటించాడు. 2014 జనవరి 6న సెనేట్ 56-26తో ఒప్పుకుంది. అంతకుముందు 2010లో బెర్నాంకీకి రెండోసారి 70-30 వచ్చింది. అదే తక్కువ అనుకుంటే ఇది ఇంకా తక్కువ. తర్వాత బైడెన్ హయాంలో ఆర్థిక మంత్రి కూడా అయింది, అక్కడా మొదటి ఆడమనిషి. వారెన్ లాంటివాళ్లు కూడా అక్కడితో ఆగలేదు. 2014 చివర్లో ఆంటోనియో వైస్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ని ఆర్థిక శాఖలో పెద్ద పదవికి ఒబామా ప్రతిపాదిస్తే మళ్లీ అడ్డం పడ్డారు. ఆయనా తప్పుకున్నాడు. తప్పుకుని ఏం చేశాడు? అదే శాఖలో, సెనేట్ ఓటు అక్కర్లేని సలహాదారు కుర్చీలో కూర్చున్నాడు. తలుపు మూస్తే కిటికీ. అది మనకు కొత్త కాదుగా!

మన దగ్గర ఇలాంటి గొడవ ఎందుకు జరగదు అని అడుగుతారు, ముందే చెప్తాను. 1934 నాటి రిజర్వ్ బ్యాంక్ చట్టం ప్రకారం గవర్నర్‌ను వేసేది కేంద్ర ప్రభుత్వం, ఒక్కసారికి ఐదేళ్లకు మించకుండా. పార్లమెంటులో ఓటుండదు, కమిటీ ముందు విచారణ ఉండదు. మనం పొద్దున్నే పేపర్లో చదువుకుంటాం. ఆ దారిలోనే రెడ్డి గారు వచ్చారు, సుబ్బారావు గారు వచ్చారు, రాజన్ వచ్చాడు. కాబట్టి దారే చెడ్డదని నేననను. వచ్చాక వాళ్లూ ఊరికే తలూపలేదు. వడ్డీలు తగ్గించలేదని ఆర్థిక మంత్రి చిదంబరం 2012లో అలిగి, ఒంటరిగానైనా నడుస్తాం అన్నారు. సుబ్బారావు గారు దిగిపోయే ముందు, 2013 ఆగస్టు చివర్లో, ప్రసంగంలో దానికి జవాబిచ్చారు. రిజర్వ్ బ్యాంక్ మీద విసుగొచ్చి ఒంటరిగానైనా నడకకు పోవాలనిపిస్తోంది, కానీ దేవుడి దయవల్ల రిజర్వ్ బ్యాంక్ అనేది ఒకటుంది అని ఏదో ఒక రోజు చిదంబరం గారు అంటారని ఆశిస్తున్నాను అన్నారు. ఎంత మెత్తగా అన్నారో చూడండి. కానీ అది కుర్చీలో ఉన్నవాడు, దిగిపోతూ అన్న మాట. కుర్చీలో కూర్చోబెట్టకముందు, బయట ఉన్నవాడు, అదే పార్టీవాడు అనగలిగే చోటు మనకు లేదు. కార్యకర్త వాదించుకుని చేసేదేముంది? ఎనిమిదీ పన్నెండూ అని లెక్కపెట్టడానికి గది ఉండాలిగా.

టీ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. ఒక్క నిమిషం.

సమర్స్ తప్పుకున్నాక మా మేనల్లుడూ, వాడి భార్యా రెండు రోజులు మాట్లాడుకోలేదట. తర్వాత మామూలే. 2016లో మళ్లీ ఎన్నికలొస్తే, ఇద్దరూ కలిసే అదే కారులో పెన్సిల్వేనియా వెళ్లి, అవే వీధుల్లో తలుపులు కొట్టారు. ఆ రాష్ట్రం ఆ సారి వాళ్ల చెయ్యి జారిపోయింది, అది ఇంకో రోజు చెప్పుకుందాం. ప్రశ్నలుంటే టీ తాగుతూ అడగండి. రిజిస్టర్లో సంతకాలు పెట్టనివాళ్లు పెట్టి వెళ్లండి.